ముఖ్య అతిథి దిగే దారి

ఎర్రగుట్ట అడవిలో ఏటా ఎండలు ముదిరే వేళకు నక్కకు అవిటి జంతువుల మీద ప్రేమ పుట్టుకొస్తుంది. ఏడు రోజులు వారోత్సవం, ఏడో రోజు సన్మానం. సన్మానం ఎప్పుడూ ముసలెద్దుకే. దుంగలు లాగుతుంటే బండి మీదపడి దాని ముందుకాలు విరిగింది. ఇక పనికిరాదని యజమాని అడవి అంచున వదిలేసి పోయాడు.

ఎద్దుకు కావాల్సింది దండ కాదు, వాగు నీళ్లు. వాగు గట్టు నిటారుగా ఉంటుంది. మిగతా జంతువులు గెంతి దిగుతాయి. ఎద్దు పైనే నిలబడి చూసి, బురదగుంటకు పోయి పచ్చనీళ్లు తాగుతుంది. ఈ ఏడు ఆ గుంట కూడా ఎండబోతోంది.

"ఎద్దు మావా, ఈసారి పేరు కూడా మార్చాం. దివ్యాంగుల వారోత్సవం," అంటూ వచ్చింది నక్క.

"పేరు మారింది. గట్టు మారలేదు కదరా అల్లుడూ."

"అది తర్వాత చూద్దాం. మొదటిరోజు ఊరేగింపు, రెండోరోజు పరుగుపందెం..."

"పరుగుపందెం ఎవరికి?"

"మీకోసం మేమే పరిగెడతాం. మీ బాధ అందరికీ తెలియాలి కదా."

"తెలిసి ఆరేళ్లయింది. గట్టుకు వాలుగా ఓ దారి తవ్విస్తే చాలు."

"ఆఖరి రోజు తీర్మానం పెడతాం మావా."

"పోయినేడూ పెట్టావు."

"ఈసారి గట్టిగా పెడతాం."

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు. ఎద్దుకు కోపం రాలేదు. కోపానికైనా ఓపిక ఉండాలి. కళ్లు మూసుకుని కాసేపు నెమరేసి, నెమ్మదిగా అడిగింది.

"ముఖ్య అతిథి ఎవరు?"

"కుందేలును అనుకుంటున్నా."

"కుందేలేం అతిథిరా? ఏనుగయ్యగారిని పిలు. ఆయన పక్కన నిలబడితే నీ పరువే వేరు. సభ వాగు ఇసుకలో పెట్టు. ఆయనకు నీళ్లంటే ప్రాణం."

నక్క తోక లేచి నిలబడింది. ఆ పూటే పరిగెత్తి ఏనుగును గట్టు దాకా తీసుకొచ్చింది. ఏనుగు కిందికి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడ నేను దిగను. జారిపడితే లేపేదెవరు?"

అంతే, ఆరేళ్లు కదలని పని మూడు రోజుల్లో అయిపోయింది. అడవిపందులు ముట్టెలతో తవ్వుతుంటే నక్క పక్కనే నిలబడి, "ఇంకాస్త వాలుగా. అయ్యగారి కాలు జారకూడదు," అంటూ పురమాయించింది.

ఏడో రోజు ఏనుగు హుందాగా దిగింది. "మావ కష్టం తలుచుకుంటే నాకు ముద్ద దిగదు," అని నక్క కన్నీళ్లు పెట్టుకుంది. ఏనుగు దండ అందుకుని, "సన్మానం ఎవరికి? ఎక్కడున్నాడు?" అంది.

ఎద్దు సభ వెనకాల మోకాలిలోతు నీళ్లలో నిలబడి తాగుతోంది. నక్క మూడుసార్లు పిలిచినా తల ఎత్తలేదు. ఏనుగు ఎద్దును చూసింది, కొత్త దారిని చూసింది.

"ఈ దారి నాకోసం తవ్వారా?"

ఏనుగు ఆ దండ తీసుకెళ్లి, ముట్టె నిండా మట్టితో ఉన్న పంది మెడలో వేసి వెళ్లిపోయింది.

మర్నాడు నక్క దారి పూడ్పించడానికి వచ్చింది. ఎద్దు నీళ్లు తాగేస్తే వచ్చే ఏడు వారోత్సవం ఎవరి కోసం చేయాలి? కానీ అప్పటికే చూలుతో ఉన్న జింక, కళ్లు కనపడని కోతి అదే దారిన మెల్లగా దిగుతున్నాయి. వాటి వెనకే ఎద్దు.

"వారోత్సవం పెట్టుకో అల్లుడూ," అంది వెళ్తూ వెళ్తూ. "నన్ను మాత్రం పిలవకు. నాకు నీళ్లకు పోయే పనుంది."

నీతి: దండ వేసే ముందు, వేయించుకునేవాడు నడిచే దారి చూడండి.