సరంగు గారి లెక్క

ఓలేటి పోలిశెట్టి గారికి ఒక అలవాటుండేది. బోటు ఎవరు నడిపినా సరే, రేవులో ఎక్కే ప్రతి మనిషి భుజమ్మీదా వేలు తాకించి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవారు. అవతలి ఒడ్డున దిగేటప్పుడు మళ్ళీ అదే లెక్క. ముగ్గురే ఎక్కినా అంతే. "నడిగోదాట్లో ఇంకో మనిషి పుట్టుకొస్తాడేంటండీ సరంగు గారూ?" అని జనం ఆటపట్టించేవారు. ఆయన నవ్వేవారు కాదు, కోప్పడేవారూ కాదు. ఎప్పట్నించి ఈ అలవాటని అడిగితే మాత్రం మాట మార్చేసేవారు.

ముప్ఫైయేళ్ళు గోదావరి మీద ప్యాసింజరు లాంచీ నడిపిన సరంగు ఆయన. వంతెనలొచ్చి లాంచీలు ఆగిపోయాక మా రేవులో రేకుల షెడ్డు వేసుకుని, అడిగినవాళ్ళకి చిన్న బోట్లు నడపడం నేర్పుతుండేవారు. నేనూ ఆయన శిష్యుణ్ణే. మూడు నెలలు నేర్చుకున్నా నీళ్ళ భయం వదలక, ఒడ్డున కూర్చుని ఇంజన్లు బాగుచేసే పనిలో స్థిరపడ్డాను. బోట్ల గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం.

అసలైన శిష్యురాలు కొల్లాటి సుభాషిణి. ఎదురుగా ఏటి మధ్య ఉన్న లంకలో నర్సు. కిందటి వానాకాలం ఆ లంకలో ఒక అమ్మాయికి నొప్పులొస్తే, పడవ కోసం రెండు గంటలు గట్టున కాసుకుని కూర్చున్నారట. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ మర్నాడే ఈవిడ సరంగు గారి షెడ్డు ముందుకొచ్చి, "నాకు బోటు నేర్పండి" అని నిలబడింది. నీళ్ళలో పుట్టిన మగాళ్ళకి ఆరు నెలలు పట్టే పని రెండు నెలల్లో పట్టేసింది. ఆమె పట్టుదల చూసి ఎవరో దాతలు లంక కోసం ఒక చిన్న అల్యూమినియం బోటు చేయించి ఇస్తామన్నారు. రోగిని ఎక్కించుకుని ఆమే నడపాలి. బోటులో ఇంకో ఉద్యోగి ఉండడు.

ఒకనాడు పొద్దున్నే ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది.

"సరంగు గారూ, బోటుకి స్టీరింగు పెట్టమంటారా, ఇంజన్ పిడి చాలా అని అడుగుతున్నారండి. సాయంత్రంలోగా చెప్పాలంట. రేపు రేకు కోసేస్తారంట. ఏది మంచిదండీ?"

ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. ఇందులో ఆలోచించడానికేముంది! స్టీరింగంటే కారులాగే, ముందు సీట్లో దర్జాగా కూర్చుని తిప్పుకోవచ్చు, దారంతా కనపడుతుంది. పిడి అంటే బోటు చివర ఇంజన్ పక్కన ఒదిగి కూర్చుని, ఒక చేత్తో దాని కర్ర పట్టుకోవాలి. పైగా అది కుడికి తోస్తే బోటు ఎడమకి పోతుంది. ఈ రోజుల్లో పిడి ఎవరడుగుతారమ్మా, అని తేల్చేశాను. సరంగు గారు అంతా విని, గొడుగు చంకన పెట్టుకుని లేచారు.

"పద అమ్మాయ్, లంక దాకా పోయొద్దాం. నువ్వూ రావయ్యా," అన్నారు.

వెళ్ళేటప్పుడు స్టీరింగు బోటు. సుభాషిణి ముందు కూర్చుంది. వెనకాల నేను, సరంగు గారు, లంకలో కొబ్బరి దింపుకి వెళ్తున్న ఇద్దరు మనుషులు. ఆయన యథాప్రకారం లెక్కపెట్టి అయిదు అన్నారు. అబ్బ, ఏం నడిపిందండీ ఆవిడ! అలల్ని కోసుకుంటూ, వలకట్ల మధ్య నుంచి వంకర పోకుండా తీసుకెళ్ళింది. నడిమధ్య ఇసక మేట దగ్గర నీళ్ళు మోకాల్లోతే కనక, అక్కడ ఇంజన్ తగ్గించి మెల్లగా పోనిచ్చింది. సరిగ్గా అప్పుడే సరంగు గారు పంచె ఎగ్గట్టి, పక్కనించి నిమ్మళంగా నీళ్ళలోకి దిగిపోయారు. నేను కేకెయ్యబోతే నోటిమీద వేలు పెట్టారు. దింపువాళ్ళిద్దరూ తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారు.

లంక రేవులో బోటుని ముద్దుగా ఒడ్డుకి ఆనించి, సుభాషిణి మెరిసిపోతున్న మొహంతో వెనక్కి తిరిగింది. మేం ముగ్గురమే ఉన్నాం. ఆ మొహం అలాగే పాలిపోయింది. "గురువుగారేరండీ?" అని అరిచింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మేం చెయ్యి చూపించాం. దూరంగా గోదావరి నడుమ, మోకాల్లోతు నీళ్ళలో, గొడుగు విప్పుకుని బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు మహానుభావుడు.

ఆమె వెనక్కి వెళ్ళి ఆయన్ని ఎక్కించుకొచ్చింది.

"ఎప్పుడు దిగిపోయారండీ?" అంది, దాదాపు ఏడుస్తూ.

"నువ్వు బాగా నడుపుతున్నప్పుడమ్మా," అన్నారాయన.

లంక రేవులో పిడి బోటు ఒకటి కట్టి ఉంది. తిరుగు ప్రయాణం అందులో. పట్నం ఆసుపత్రికి వెళ్ళాలని బుల్లెమ్మ అనే పెద్దావిడ కూడా ఎక్కింది. ఒళ్ళో పూతరేకుల పొట్లం. సరంగు గారు నాలుగు అన్నారు. సుభాషిణి చివర కూర్చుని పిడి పట్టుకుంది. మొదట్లోనే స్టీరింగు అలవాటుకొద్దీ కుడికి తోసి, బోటు ఎడమకి తిరిగేసరికి తెల్లబోయింది. నేను చెప్పలేదూ అన్నట్టు గొంతు సవరించుకున్నాను. పైగా నేను నిలబడి ఉండటం వల్ల ఆమెకి ముందు దారి కనపడటం లేదు. ఎవడి పొరపాటైనా పిడిదే తప్పని నాకు సంతోషంగా ఉంది.

"మేస్త్రీ గారూ, మీరలా ముందుకెళ్ళి కూర్చోండి. ఎదర వలకట్ల గెడలేవైనా ఉంటే కేకెయ్యండి," అంది ఆమె.

నర్సమ్మ మాట, ఏం చేస్తాం! వెళ్ళి కూర్చున్నాను. కుడివైపు గెడ అని కేకేస్తే కుడివైపు గెడ తప్పించుకుంటూ, ఇసక మేట అంటే మేట తప్పించుకుంటూ బోటు సాగింది. నడిమధ్యకొచ్చేసరికి ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా తగ్గింది. ఏమైందా అని తిరిగి చూశాను.

"పిన్నీ, గాలి ఇంత చల్లగా ఉంటే నీకా చెమటేంటి?" అంటోంది సుభాషిణి.

బుల్లెమ్మ గాలికి వీపు పెట్టి, సుభాషిణికి ఎదురుగా కూర్చుంది. నాకు కనపడేది ఆవిడ ముసుగు ఒక్కటే. "ఏం లేదమ్మా, కాస్త కళ్ళు తిరుగుతున్నట్టుంది," అంది నీరసంగా.

"పొద్దున్నేమైనా తిన్నావా?"

"రక్తం తియ్యాలి, తినకుండా రమ్మన్నారు కదే."

"మరి సుగరు మాత్ర?"

"మాత్ర మానమని ఎవరూ చెప్పలేదుగా!"

సుభాషిణి చెయ్యి పిడి వదల్లేదు. కళ్ళు ఆవిడ మొహమ్మీంచి తియ్యలేదు. "ఆ పొట్లం విప్పు. పూతరేకు నోట్లో పెట్టుకో. ఇప్పుడే," అంది.

"అయ్యో, అవి అల్లుడికమ్మా!"

"అల్లుడు రేపు తింటాడు. సరంగు గారూ, పెట్టండి."

సరంగు గారు పొట్లం విప్పి, తన చేత్తోనే ఆవిడకి తినిపించారు. ఒకటి, ఆ వెనక ఇంకోటి. మన ఒడ్డు దగ్గరపడేసరికి బుల్లెమ్మ మొహంలోకి రక్తం వచ్చింది, నోట్లోకి మాటొచ్చింది, మిగిలినవైనా అల్లుడికి దాచనివ్వమని తగాదా కూడా మొదలుపెట్టింది. నేను ఆవిడకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. గెడలు చూశాను, మేటలు చూశాను, ఆవిడ్ని మాత్రం చూళ్ళేదు. సిగ్గేసింది, చెప్పుకుంటే తప్పేముంది. ఆ పిల్ల మీద అంత గౌరవం నాకు అంతకుముందు లేదు.

రేవులో దిగుతుంటే ఆయన భుజాలు తాకుతూ నాలుగు లెక్కపెట్టారు. బుల్లెమ్మని ఆటోలో ఎక్కించి, ఆసుపత్రి వాళ్ళకి జరిగింది చెప్పమని ఆటోవాడికి నాలుగుసార్లు వప్పజెప్పి, సుభాషిణి తిరిగొచ్చింది. కాగితం మోకాలి మీద పెట్టుకుని 'పిడి' అని రాసింది. రాశాక తలెత్తింది.

"దారి చూసి చెప్పడానికి రోగి తాలూకు మనిషి ఎవరో ఒకరుంటారండి. రోగిని చూసేదాన్ని నేనొక్కదాన్నే కదా. కానీ ఒక్కటడుగుతాను. మీరు ముప్ఫైయేళ్ళూ లాంచీ మీద స్టీరింగు చక్రమే పట్టుకున్నారు. వెనకున్న జనం మీకూ కనపడరు కదండీ?"

ఆయన గొడుగు మడిచి చంకన పెట్టుకున్నారు.

"కనపడరమ్మా. జనాన్ని చూసుకోడానికి వెనకాల అప్పలస్వామని కళాసీ ఉండేవాడు. బంగారంలాంటి మనిషి. వాడున్నాడనే నేను ఎదరికి చూడగలిగాను," అన్నారు. గోదావరి వైపు తిరిగారు.

"ఒక్కరోజు వాడికి జ్వరం. నేనొక్కణ్ణే లాంచీ తీశాను. ఎక్కినవాళ్ళలో ఒకరు అవతలి ఒడ్డున దిగలేదు. ఈ లెక్కపెట్టడం అప్పట్నించేనమ్మా."