తడికోనమ్మకు పైకప్పు ఎందుకు లేదు

"తడికోనలో ఒక్క కొమ్మ కూడా విరగనివ్వను" అని దేవస్థానం కమిటీ అధ్యక్షులు క్రిందటి మార్గశిర జాతరలో, అమ్మవారి ఎదుట, మైకులో మాట ఇచ్చారు. ఈ ఏడాది భక్తుల సౌకర్యం కోసం రేకుల మండపం కడతామంటూ పెద్ద చెట్లకు ఎర్రరంగు గుర్తులు వేయించారు. అందుకే మా యువజన సంఘం ఈ స్థల పురాణాన్ని అచ్చు వేయించింది.

తడికోన తూర్పు కనుమల్లో, మబ్బులు తగిలే ఎత్తున ఉన్న పాత అడవి. ఇక్కడి సంపెంగలు, అడవి మామిళ్ళు నలుగురు చేతులు చాచి చుట్టినా అందవు. వాన లేని రోజున కూడా పొగమంచు ఆకులకు పట్టి చినుకులుగా రాలుతుంది. అమ్మవారికి అదే అభిషేకం. భక్తులు గొడుగు ముడిచి లోపలికి రావాలి.

పూర్వం ఇక్కడ వానలు తప్పిన ఒక ఏడు, పాంగి సోమ్రా అనే పశువుల కాపరి మంద తడిసిన వీపులతో ఇంటికి వచ్చింది.

"ఏటి సోమ్రా! మాకు తాగడానికే నీల్లు లేవు, నీ ఆవులకి తానాలా?" అని ఊరివాళ్ళు ఎగతాళి చేశారు.

"నాను చేయించలేదు మావా, అవే చేసొచ్చాయి" అన్నాడు సోమ్రా.

మరునాడు మంద వెంట వెళ్ళి, చెట్ల కింద చినుకుల్లో తడుస్తున్న రాతి విగ్రహాన్ని చూశాడు. ఆ నీరే జారి కింద వాగవుతోంది. ఊరు బతికింది.

ఆ కొండలను ఏలే ముఠాదారు ఇది విని, భక్తితోనే తప్పు చేశాడు. అమ్మ తడిసిపోతోందని, అన్నిటికంటే పెద్ద సంపెంగను కొట్టించి ఆ దూలాలతో కప్పు వేయించాడు. నెల తిరగకుండా విగ్రహం ఎండింది. వాగు సన్నగిల్లింది. అమ్మ కలలో కనిపించి, "కొట్టిన చెట్టును మళ్ళీ నిలబెట్టగలవా?" అని అడిగింది.

"లేను తల్లీ."

"అయితే దాని చోట నువ్వు నిలబడు."

ముఠాదారు కప్పు విప్పించి, తలపాగా తీసి, మోడు పక్కన నిలబడ్డాడు. మంచు అతని జుట్టుకు పట్టి, వేళ్ళ కొసల నుంచి బొట్లుగా రాలింది. మోడు చిగిర్చి చెట్టయ్యేదాకా ఏటేటా అలాగే నిలబడ్డాడు.

నేటికీ అతని వంశీకులు జాతరనాడు మంచు విడిచేవరకు అక్కడ నిలబడతారు. వారి పక్కన నిలిచి తడిసిన భక్తుల ఇంట ఆ ఏడు నీటికి కరువుండదని నమ్మకం. కింది ఊళ్ళకు ఇప్పటికీ ఆ వాగే తాగునీరు. అభివృద్ధి ఎవరి కోసమని అడగడం ద్రోహం కాదు. అడగకపోతే చరిత్ర మనల్ని క్షమించదు.

అధ్యక్షులవారు ఆ గుర్తులు చెరిపిస్తారా, గొడ్డలి పంపిస్తారా? గొడ్డలే అయితే, పడే ఒక్కో చెట్టు చోట కమిటీలో ఎవరు నిలబడతారో కూడా చెప్పాలి. సమాధానం డిసెంబరు 15 లోగా కావాలి.