చలపతి వెతికిన నీలిమేడ

నరసరావుపేటలో రంగుల దుకాణం నడిపే చలపతి మంచివాడే గాని, ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే "అర్థమైంది" అనేసేవాడు.

దుకాణానికి వచ్చినవాళ్లు "గోడకి కాస్త లేత..." అనగానే, "అర్థమైంది, లేత ఆకుపచ్చ" అని డబ్బా మూత తీసేవాడు. వాళ్లు అడగబోయింది లేత పసుపు అయ్యేది. ఇలా ఎన్నిసార్లు జరిగినా చలపతికి తన మీద నమ్మకం తగ్గేది కాదు. "మనిషి నోరు తెరిస్తే చాలు, కడుపులో ఏముందో చెప్పేస్తాను" అనేవాడు.

అతని భార్య భారతి నెమ్మదైన మనిషి. పెళ్లయిన నాటినుంచి ఆమె సగం మాటలు గొంతులోనే ఉండిపోయాయి. ఒక్కతే కూతురు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అందువల్ల ఇంట్లో ఇద్దరే ఉండేవాళ్లు.

ఆ ఏడాది భారతి రోజూ సాయంత్రం టీవీలో "నీలిమేడ" అనే సీరియల్ చూడడం మొదలుపెట్టింది. అందులో సముద్రపు పాయ ఒడ్డున ఒక ఖరీదైన రిసార్టు ఉంటుంది. నీలం గోడల మేడ, నీళ్లలోకి దిగే తెల్లని మెట్లు, పూలు కట్టిన పడవ. చలపతి దుకాణం కట్టేసి ఇంటికి వచ్చేసరికి సీరియల్ అయిపోతూ ఉండేది. భారతి ముఖం మాత్రం వెలిగిపోతూ ఉండేది. ఒక్కోరోజు ఆమె కళ్లు తడిగా కూడా కనిపించేవి.

"అంత బాగుంటుందా ఆ సీరియల్?" అని ఒకరోజు అడిగాడు.

"సీరియల్‌దేముందండీ, అసలు సంగతేమిటంటే మా..."

"అర్థమైంది," అన్నాడు చలపతి. "నువ్వేం చెప్పక్కర్లేదు."

పాపం, పెళ్లయి ఇన్నేళ్లయినా భార్యను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. అలాంటి చోట రెండు రోజులు గడపాలని ఆమె లోలోపల కలలు కంటోంది, నోరు విడిచి అడగలేకపోతోంది. ఇదీ అతను అనుకున్నది. ఎలాగైనా ఆమెను నీలిమేడకు తీసుకెళ్లాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

మర్నాటినుంచి దుకాణంలో కూర్చుని ఫోనులో ఆ సీరియల్ పాత భాగాలన్నీ చూడసాగాడు. మేడ గోడలకు వేసిన రంగు ఏ షేడో చూడగానే చెప్పేశాడు గాని, ఆ మేడ ఎక్కడుందో మాత్రం తెలుసుకోలేకపోయాడు. ఒక భాగంలో మేడ వెనక కొండలు ఉండేవి. ఇంకో భాగంలో అదే మేడ వెనక కొబ్బరితోట ఉండేది. చలపతికి తల తిరిగిపోయింది. కనపడిన రిసార్టుకల్లా ఫోన్ చేశాడు.

"మీ దగ్గర నీలం మేడ ఉందా?" అని అడిగాడు ఒకచోట.

"మాది తెల్లరంగు సార్. ఏసీ గదులున్నాయి."

"నీళ్లలోకి మెట్లున్నాయా?"

"ఈతకొలనులోకి ఉన్నాయి సార్."

"పడవకి పూలు కడతారా?"

అవతలి మనిషి, "పెళ్లా సార్?" అన్నాడు.

చివరికి బాపట్ల దాటాక, సముద్రపు పాయ పక్కనే ఒక రిసార్టు దొరికింది. గోడలు నీలం కాదు గాని తలుపులు నీలం. పడవ ఉంది, బంతిపూలు కట్టిస్తామన్నారు. చలపతి పొంగిపోయి శుక్రవారంనుంచి రెండు రోజులకు గది ఖాయం చేశాడు. కూతురికి ఫోన్ చేసి రహస్యంగా సంగతంతా చెప్పాడు.

"అమ్మని అడిగావా నాన్నా?" అంది కూతురు.

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటుందమ్మా? మీ అమ్మ మనసు నాకు తెలియదా?"

నిజానికి భారతి మనసులో ఉన్నది వేరు. ఆమెకు తెనాలిలో వసుంధర అనే అక్క ఉంది. ఐదేళ్ల క్రితం తమ్ముడి పెళ్లిలో అక్కచెల్లెళ్లిద్దరూ మాటామాటా అనుకున్నారు. అప్పటినుంచి మాటల్లేవు. ఆ ఏడాది ఒక సాయంత్రం వసుంధరే ఫోన్ చేసి, "నీలిమేడ చూస్తున్నావా?" అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు. భారతి అప్పటిదాకా ఆ సీరియల్ పేరు కూడా వినలేదు. అయినా "చూస్తున్నా అక్కా" అని గబగబా టీవీ పెట్టింది. ఆ రోజునుంచి సీరియల్ వచ్చే అరగంటా ఇద్దరూ ఫోన్లో ఉండేవాళ్లు. మేడ గురించి, పడవ గురించి మాట్లాడుకునేవాళ్లు. పాత గొడవ జోలికి మాత్రం ఎవరూ వెళ్లేవాళ్లు కారు. చలపతి ఇంటికి వచ్చేవేళకు ఫోన్ పెట్టేసేవాళ్లు.

ఆ గురువారం సాయంత్రం వసుంధర, "రేపు మీ ఇంటికి వస్తానే. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి" అంది. భారతికి ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. చలపతి ఇంటికి రాగానే చెప్పబోయింది.

"ఏమండీ, రేపు మనింటికి..."

"రేపటి సంగతి నాకు వదిలెయ్," అన్నాడు చలపతి నవ్వుతూ. రిసార్టు సంగతి ఆమెకు ఎలాగో తెలిసిపోయిందనుకున్నాడు. "అన్నీ మాట్లాడేశాను. నీ పని బట్టలు సర్దుకోవడమే."

భారతి తికమకపడింది. అక్క ఈయనకు కూడా ఫోన్ చేసిందా? అన్నీ మాట్లాడేశానంటున్నారంటే చేసే ఉంటుంది. మరి బట్టలెందుకు? బహుశా తామే తెనాలి వెళ్లి అక్కను తీసుకురావాలేమో అనుకుంది. పైకి ఇంకేమీ అడగలేదు. అడిగినా సగంలో ఆపేస్తాడని ఆమెకు తెలుసు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరారు. కారెక్కగానే చలపతి ఆమె ఫోను, తన ఫోను ఆపేసి ముందు అరలో పడేశాడు. సీరియల్లో కథానాయకుడు భార్యతో ప్రయాణమైనప్పుడు అలాగే చేశాడు. చిలకలూరిపేట దాటాక భారతి, "తెనాలికి ఇటు కాదు కదండీ" అంది.

"తెనాలి ఎందుకు? చూస్తూ ఉండు."

రిసార్టు గేటులో అడుగుపెట్టి ఆ నీలం తలుపులు, ఆ పాయ, ఒడ్డున ఆ మెట్లు చూసేసరికి భారతి ఆగిపోయింది. అప్పుడామెకు అంతా తెలిసినట్టనిపించింది. తానూ అక్కా రోజూ మాట్లాడుకునే చోటు లాంటిది వెతికి, అక్కను కూడా ఇక్కడికే రమ్మన్నాడన్నమాట. ఈయనకు ఇంత ఆలోచన ఎప్పుడొచ్చిందా అని ఆశ్చర్యపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి చలపతి ఛాతీ ఉప్పొంగింది.

భారతి గదిలో ఉండలేదు. గేటు కనబడేలా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. తెచ్చుకున్న మల్లెపూలలో సగం తుంచి పక్కన పెట్టింది. భోజనానికి పిలిస్తే, "వచ్చాక తిందామండీ" అంది.

చలపతికి ఆ మాట వింతగా తోచింది. ఏం వచ్చాక? పడవ వచ్చాకేమో. సీరియల్లో వాళ్లు పడవలోనే భోజనం చేశారని గుర్తొచ్చింది. ఆకలి దంచేస్తున్నా "సరే" అన్నాడు.

మధ్యాహ్నం వాలింది. "ఇంకా రాలేదేమండీ?" అంది భారతి.

"వస్తుంది. నాలుగింటికని చెప్పాను."

"దారి తెలుసా?"

చలపతి పాయకేసి చూశాడు. పడవకి దారి తెలియకపోవడమేమిటో అతనికి అంతుపట్టలేదు. "రోజూ వచ్చే దారేగా" అన్నాడు. ఈసారి భారతికి అంతుపట్టలేదు. అక్క ఇక్కడికి రోజూ ఎందుకొస్తుంది? అయినా ఓపిక పట్టింది.

నాలుగు గంటలకు చలపతి మెట్ల దగ్గరినుంచి, "వచ్చింది, రా" అని కేక వేశాడు.

భారతి పక్కన పెట్టిన పూలు తీసుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది. మెట్ల కింద బంతిపూలు కట్టిన పడవ ఊగుతూ ఉంది. అందులో పడవవాడు తప్ప ఎవరూ లేరు.

"ఏది?" అంది.

"ఇదిగో."

"ఇది పడవ."

"అవును, పడవే."

భారతి పడవలోకి మళ్లీ తొంగి చూసింది.

"అక్క ఏదండీ?" అంది భారతి.

"ఏ అక్క?" అన్నాడు చలపతి.

భారతి అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఫోను ఇవ్వండి" అని మాత్రం అంది.

చలపతి కారులోంచి తెచ్చిన ఫోను ఆన్ చేస్తే, వసుంధర చాలాసార్లు పిలిచినట్టు మెసేజీలు కనబడ్డాయి. భారతి తిరిగి చేసింది. వసుంధర ఎత్తలేదు. అప్పుడు పక్కింటావిడకు చేసింది. "మీ అక్కగారట, సంచీ పట్టుకుని వచ్చారు," అంది పక్కింటావిడ. "మీ గుమ్మంలో చాలాసేపు కూర్చున్నారు. మా ఇంట్లోకి రమ్మన్నా రాలేదు. 'చెప్పే వచ్చాను, అయినా తాళం వేసుకెళ్లారు' అని వెళ్లిపోయారు."

భారతి అరవలేదు. "నేను చెప్పబోయానండీ. ఒక్కసారి కాదు" అంది.

చలపతి అలవాటు కొద్దీ "అర్థ..." అని, ఆగిపోయాడు. అతనికి నిజంగా ఏమీ అర్థం కాలేదు. వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"మొదటినుంచి చెప్పు," అన్నాడు.

భారతి చెప్పింది. తమ్ముడి పెళ్లిలో గొడవ, ఐదేళ్ల మౌనం, ఆ మొదటి ఫోను. మధ్యలో ఆమె ఎన్నిసార్లు ఆగినా చలపతి మాట కలపలేదు. పడవవాడు చూసి చూసి పడవ వెనక్కి తిప్పుకున్నాడు.

వాళ్లు సామాను సర్దుకుని అప్పుడే తెనాలి బయలుదేరారు. దీపాలు పెట్టే వేళకు వసుంధర తలుపు తీసింది. మర్యాదకు లోపలికి రమ్మంది, మంచినీళ్లు ఇచ్చింది. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

"మరిదిగారూ, ఆ పెళ్లిలో నోరు జారింది నేనే," అంది. "ఆ మాట చెప్పి పోదామనే వచ్చాను. వీధిలో వాళ్లంతా చూస్తుండగా మీ గుమ్మంలో కూర్చున్నాను. తాళం చూసి, నా చెల్లెలు నాకు ఇలా జవాబు చెప్పిందనుకున్నాను."

చలపతి నాలుక చివర ఎన్నో సంజాయిషీలు వచ్చాయి. ఆమె ముగించేదాకా వాటిని మింగుకుంటూ ఉన్నాడు. తర్వాత అన్నాడు: "తప్పు నాది వదినా. మీరొస్తున్నారని భారతి చెప్పబోతే నేను విననే లేదు. విన్నాననుకున్నాను."

జరిగిందంతా చెప్పాడు. పడవ దగ్గరికి వచ్చేసరికి వసుంధర పెదవులు కదిలాయి. భారతి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో చలపతికి తెలియలేదు, ఊహించబోలేదు.

"ఇప్పుడేం చేయమంటారు వదినా?" అని అడిగాడు.

"నాకు చెల్లితో కలిసి..." అని వసుంధర ఆగింది.

అందరినీ రిసార్టుకు తీసుకెళ్లమంటుందని చలపతికి తోచింది. ఇంకో రోజు గది ఎలాగూ ఉంది. రేపు పొద్దున్నే ముగ్గురూ వెళ్లవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పళ్లు బిగపట్టి ఊరుకున్నాడు.

"చెల్లితో కలిసి నాలుగు రోజులు ఉండాలనుంది. ఇక్కడే, ఈ ఇంట్లోనే, మేమిద్దరమే," అంది వసుంధర. "మీరేమీ అనుకోకండి. మీరు ఇంటికి వెళ్లండి."

ఇంకో మాట వస్తుందేమోనని చలపతి కాసేపు చూశాడు. రాలేదు. "అలాగే" అని లేచాడు. భారతి గుమ్మం దాకా వచ్చి, అతని చేతిలో అన్నం డబ్బా పెట్టింది. పొద్దుటినుంచి అతను ఏమీ తినలేదని ఆమెకు గుర్తుంది.

ఆ నాలుగు రోజులూ తెనాలిలో ఎవరూ టీవీ పెట్టలేదు. నరసరావుపేటలో చలపతి ఒక్కడే వండుకుని తింటూ, దుకాణంలో జనం చెప్పింది చివరిదాకా వినడం నేర్చుకున్నాడు. అది అతనికి చాలా కష్టమనిపించింది. ఐదో రోజు భారతి, అక్కను వెంటబెట్టుకుని వచ్చింది.

ఎదుటివారి మీద ప్రేమ ఉంటే చాలదు, వారి మాట చివరిదాకా వినే ఓపిక కూడా ఉండాలి. వినకుండా ఇచ్చే కానుక ఎంత గొప్పదైనా, అది ఇచ్చేవాడి ముచ్చట తీరుస్తుందే గాని పుచ్చుకునేవారి కోరిక తీర్చదు.