డాట్ ఆట ఎవరి చేతికి?

నల్లకొండ అడవికి నెట్ వచ్చిన కొత్తలో ప్రతి చిరునామాకీ ఒక తోక తగిలించారు. పక్షులకు 'డాట్ గూడు', కుందేళ్లకు 'డాట్ బొరియ'. పిల్లలంతా ఆన్‌లైన్ ఆటల్లో పడ్డాక ఆటలకంటూ 'డాట్ ఆట' అనే కొత్త తోక పుట్టింది. ఆ తోక కింద పేర్లు ఇచ్చే పని ఎవరికి దక్కాలి? ఎద్దు నందయ్య కంపెనీ, నక్క జంబయ్య కంపెనీ పోటీకి దిగాయి.

"ఇద్దరూ విడివిడిగా కొన్నాళ్లు నడిపి చూపించండి," అంది పెద్ద ఏనుగు. "ఒకటే షరతు. ఆట ఎవరిదో పేరు వాళ్లదే. మీకోసం గానీ మీవాళ్లకోసం గానీ ఒక్క పేరూ తీసుకోకూడదు."

"శివశివా! పరాయి పేరు నాకెందుకు దొరా?" అని జంబయ్య చెంపలు వేసుకున్నాడు.

ఆ రోజు నుంచి కోడి పూలమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆమె పిల్లలు కొండకవతల చెల్లెలి దగ్గర చదువుకుంటున్నాయి. సాయంత్రమైతే ఆటలే. తెలిసిన పేరు కనబడితే చాలు, ముందూ వెనకా చూడకుండా లోపలికి దూరిపోతాయి. ఆ పేరు వెనక నక్క కూర్చుంటే? ఇంత దూరం నుంచి తను రెక్క అడ్డం పెట్టగలదా?

అలాగని ఊరికే నింద వేయడం పూలమ్మకు చేతకాదు. ఉడుత వచ్చి మొర పెట్టుకున్నా తొందరపడలేదు.

"నా ఆటకి అనుకున్న పేరు ఖాళీగా ఉందా అని జంబయ్యని అడిగానక్కా. ఉంది, రేపు రమ్మన్నాడు. తెల్లారేసరికి ఎవరో పట్టుకుపోయారు!"

"కాకతాళీయమేమోలేవే," అంటూనే పూలమ్మ ఆలోచనలో పడింది. ఏనుగు చెవిలో ఓ మాట వేసి, తిన్నగా నక్క దగ్గరికి నడిచింది.

"జంబన్నా, 'గవ్వలగంతు' అన్న పేరు ఖాళీయేనా? పిల్లలకి తెగ నచ్చేటట్టుంది."

జంబయ్య కళ్లు మెరిశాయి. "ఖాళీయే చెల్లెమ్మా. తొందరేముంది, రేపు రా."

అక్కణ్ణించి ఎద్దు దగ్గరికి వెళ్లింది. "నందయ్యా, 'గింజలగోల' ఉందా?"

"ఉందమ్మా. ఆట తయారయ్యాక రా, రాసిస్తాను," అని నందయ్య నెమరువేతలో పడ్డాడు.

మర్నాడు సభలో పూలమ్మ అప్పుడు చెప్పిన రెండు పేర్లనూ ఏనుగు అందరి ముందూ వెతికించింది. నందయ్య దగ్గర 'గింజలగోల' ఖాళీగానే ఉంది. జంబయ్య దగ్గర 'గవ్వలగంతు' అతని బావమరిది పేరున ఉంది.

"ఇదేంటి జంబయ్యా?" అంది ఏనుగు.

"పాత ఆట దొరా! మా బావమరిది చిన్నప్పటినుంచీ ఆడుతున్నాడు. ఆట వాడిది, పేరూ వాడిదే."

"అయితే ఎలా ఆడతారో చూపించమను."

బావమరిది నక్క ముందుకొచ్చి, బావ ముఖం చూసి, గాలిలోకి ఓ గంతు వేసింది. మళ్లీ బావ ముఖం చూసింది. వెనక్కి ఇంకో గంతు వేసింది.

"మరి గవ్వలేవిరా?" అంది కోతి. సభంతా గొల్లుమంది.

పూలమ్మ మెల్లగా అంది: "నిన్న నా నోట్లోంచి ఊడిపడేదాకా అలాంటి ఆటే లేదు జంబన్నా. నీకు తప్ప ఇంకెవరికీ ఆ పేరు చెప్పనూ లేదు. పెద్దాయనకి కూడా రెండు పేర్లు అడుగుతానని మాత్రమే చెప్పాను."

"కంచే చేను మేస్తే ఇంక కాపెవరు?" అంది ఏనుగు. డాట్ ఆట నందయ్యకు దక్కింది. బావాబావమరుదులు తోకలు ముడుచుకుని పొదల్లోకి జారుకున్నారు.

సాయంత్రం పిల్లలు ఫోన్ చేశాయి. "అమ్మా, ఆడుకోవచ్చా?"

మామూలుగా బోలెడు జాగ్రత్తలు చెప్పే పూలమ్మ, "ఆడుకోండర్రా," అని ఊరుకుంది. తర్వాత ఆగలేక, "చీకటి పడేలోపు ముగించండి," అని మాత్రం కలిపింది.

నీతి: కాపలా ఇవ్వమని అడిగేవాడి ఒట్లు వినకు, తాళం చేతికొచ్చిన తొలినాడు ఏం చేశాడో చూడు.