మూడో పైపులో గాలి

నిరంజనమ్మ గారికి అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు లేదు. ప్రశ్న విని, తల ఊపి, చేతిలో ఉన్న పని చూసుకునేవారు. జవాబు ఎప్పుడో ఏ పని మధ్యలోనో దొరికేది. సాలూరు దాటాక కొండవాలున ఆమె నడిపే ఆశ్రమంలో ఈ అలవాటుకు సర్దుకోలేనివాడు ఏకాంబరం ఒక్కడే. బడిపంతులు ఉద్యోగం చాలించుకుని వచ్చినవాడు కదా, అడిగినదానికి వెంటనే సమాధానం రావాలి అతనికి.

ఒక బుధవారం సాయంత్రం అతను అమ్మగారి ముందు కూర్చుని, "అమ్మా, తెల్లవారకుండానే జపం చేస్తున్నాను. ఏకాదశికి ఉపవాసం, సాయంత్రం పారాయణ, గురువారం మౌనం. ఇన్ని చేస్తున్నా మనసుకు కుదుపులు తగ్గలేదు. వీటిలో ఏది నాలో పని చేస్తోందో, ఏది ఊరికే జరిగిపోతోందో తెలిసేదెలా?" అని అడిగాడు.

అమ్మగారు అంతా విని, రేపు పైడమ్మ పెళ్లి, పొద్దున్నే బండి తీయాలి, వెళ్లి పడుకోమన్నారు.

పైడమ్మ ఆశ్రమంలో వంట చేసే మనిషి. నలభై దాటాయి, పెళ్లి మాట ఆమే మరిచిపోయింది. కొండ మీద ఊళ్లో పసుపు పండించే అప్పలసూరి, పసుపు అమ్మడానికి వచ్చి, పప్పూ అన్నం తిని, ఆ పప్పు వండినామెను చేసుకుంటానని తిన్నగా అమ్మగారినే అడిగాడు. పైడమ్మ ఒప్పుకుంది గానీ తన పెళ్లి పులిహోర ఇంకొకరి చేతిలో పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. తనే వండింది. గురువారం ఉదయం కొత్తచీర కట్టుకుని, పాత పికప్ బండి వెనకాల గుండిగల మధ్య పీట వేసుకుని, మూతలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

బండి అమ్మగారే నడిపేవారు. ఒకప్పుడు భర్తతో కలిసి లారీలు తిప్పిన చేతులవి. పక్కన ఏకాంబరం, మౌనంలో ఉన్నాడు. గేటు దాటినప్పటినుంచే ఇంజను ఒక సిలిండరు పలకనట్టు మిస్సింగ్ కొడుతోంది. ముందురోజే షెడ్డులో డీజిలు పైపులు విప్పి, కడిగి బిగించారు. చదును మీద ఎలాగో సాగింది గానీ, ఘాటీ ఎక్కేసరికి బండంతా వణికి, తెల్లటి పొగ కక్కి, ఇక కదలనంది. ముహూర్తం మధ్యాహ్నంలోపే. గుండిగ మూత మీద పైడమ్మ చేతులు బిగిశాయి. వంటింటి పొయ్యి ఆరిపోయినా నవ్వే మనిషి ముఖం అలా అవడం ఏకాంబరం ఎన్నడూ చూడలేదు.

అతను దిగి, బానెట్ ఎత్తి, ఫిల్టరు మార్చాలని చేతులతో చెప్పబోయాడు. పైడమ్మకు అది నీళ్లు కావాలన్నట్టు అర్థమై చెంబు అందించింది. అతనికి చిర్రెత్తింది. అమ్మగారు స్పానరు, గుడ్డ అతని చేతికిచ్చి, తను ఇంజను ఆడిస్తూ ఉంటానని, నాలుగు సిలిండర్లకూ వెళ్లే పైపుల నట్లు ఒక్కొక్కటిగా కాస్త వదులు చేసి, చప్పుడు విని, మళ్లీ బిగించమని చెప్పారు.

మొదటిది వదులు చేశాడు. ఇంజను మరింత కుంటింది. బిగిస్తే తేరుకుంది. రెండోదీ అంతే. మూడోది వదులు చేసి చెవి దగ్గరగా పెట్టాడు. ఇంజను ఇంతకుముందు ఎలా వణుకుతోందో అలాగే వణుకుతోంది.

"అమ్మా, ఇది తీసినా ఏమీ తేడా లేదు" అన్నాడు. మౌనం పోయిందన్న సంగతి అతనికి తట్టలేదు.

"అయితే పని చెయ్యనిది అదే. వదులుగానే ఉంచు, ఏం వస్తుందో చూడు" అన్నారు అమ్మగారు.

నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. పైపునిండా గాలి. బుడగలు సన్నబడి, చివరికి చిమ్ముతూ డీజిలే వచ్చాక నట్టు బిగించాడు. నాలుగు గొంతులూ ఒక్కటైనట్టు ఇంజను నిండుగా పలికింది. పైడమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఏకాంబరానికి పెళ్లి తనదే అన్నంత సంబరమైంది. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఘాటీ మలుపుల్లో పెళ్లిపాట ఒకటి అందుకున్నాడు కూడా.

ముహూర్తం అందింది. అప్పలసూరి పసుపుతోటే పందిరి దాకా పాకినట్టు అంతటా పసుపే. భోజనాల దగ్గర పెళ్లికూతురు ఎవరు వద్దన్నా వినకుండా తనే పులిహోర వడ్డించింది. ఏకాంబరం విస్తరి ముందు ఆగి, "పంతులు బాబూ, ఈ గురువారం ఎంత బాగున్నాదో. గురువారమొస్తే మీరు మాటాడరు గానీ, ఆ ముకం సూసి వంటింట్లో మేమెవుళమూ మాటాడీవోళ్లం కాదు" అంది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అంది. ఇంకో గరిటె వేసి వెళ్లిపోయింది.

ఏకాంబరం ఆ గరిటెడూ గబగబా తినేసి లేచాడు. చేతులు కడుక్కునే చోట అమ్మగారి పక్కకు చేరాడు.

"ఏది ఊరికే జరిగిపోతోందో తెలిసిందమ్మా. నా మౌనం తీసేస్తే ఎవరికీ తేడా రాలేదు సరికదా, ఇంకా సుఖపడ్డారు. వచ్చే గురువారం నుంచి మానేస్తాను."

అమ్మగారు కొంగుకు చేతులు తుడుచుకుంటూ అతనివైపు చూశారు.

"నిన్ను నట్టు వదులు చేసి గాలి తియ్యమన్నాను నాయనా, సిలిండరు పారెయ్యమన్నానా?"