నేల ముట్టని పోలినాయుడు

పోలినాయుడికి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లు సగమైంది, అన్నం సయించడం మానేసింది. ఇవన్నీ ఒక ఎత్తు. ఒంటికి చెమట పట్టే పని ఏదీ చెయ్యొద్దని, కర్ర అసలు ముట్టుకోవద్దని వైద్యుడు చెప్పడం ఒక్కటీ ఒక ఎత్తు.

పోలినాయుడంటే ఎవరనుకున్నారు? నాగావళి ఒడ్డున పన్నెండు ఊళ్లలో సాము నేర్పే గరిడీల్లో అతని కర్రసాముకి ఎదురులేదు. వానలో నిలబడి కర్ర తిప్పితే ఒక్క చినుకు నెత్తిన పడేది కాదు. అతని వాటా వాన కూడా చుట్టూ చూసేవాళ్ల మీదే పడేది. తెల్లవారుజామున బస్కీలు మొదలుపెడితే వీధి చివరి ఇంట్లో బిందెలు తొణికేవి. ఒకసారి బలం చూపడానికెత్తే సంగిడి రాయి నెత్తిమీదికెత్తి, దించడం మరిచిపోయి, దారిన పోయేవాడితో చెరకు పంట గురించి మాట్లాడుతూ చుట్ట కూడా వెలిగించుకున్నాడు. ఏ చేత్తో వెలిగించాడని అడక్కండి. చూసినవాళ్లే తేల్చుకోలేకపోయారు.

వీటన్నిటినీ మించిన సంగతి ఇంకొకటుంది. పోలినాయుడు ఏనాడూ నేల ముట్టలేదు.

గరిడీలో అదొక కట్టుబాటు. ఆటలో ఇక నావల్ల కాదనుకున్నవాడు వంగి అరచెయ్యి నేలకి ఆనిస్తాడు. ఆనించాడా, ఎదుటివాడు కర్ర దించెయ్యాలి. పోలినాయుడి ముందు ఎంతమంది వంగారంటే, వాళ్ల అరచేతుల ఒరిపిడికి గరిడీ నేల అక్కడ గుంటపడింది. వానాకాలం అందులో బాతులు ఈదేవి. అతని చెయ్యి మాత్రం ఆ మట్టి ఎరగదు.

ఆ గొప్ప అతను చెప్పుకున్నప్పుడల్లా పెళ్లాం అచ్చియ్యమ్మ మూతి తిప్పేది.

"అవును మావా, నువ్వు నేల ముట్టవు. అందుకే గదా ఇల్లు అలకడం నాకొదిలేసినావు."

పన్నెండు ఊళ్లలో అతన్ని ఎకసెక్కం ఆడగలిగింది ఆవిడొక్కతే. ఆ మాటకి పోలినాయుడు పెంకులు కదిలేలా నవ్వేవాడు. ఆవిడా నవ్వేది.

జబ్బు చేశాక ఆ ఇంట్లో నవ్వు లేదు.

తెల్లవారుజామున అలవాటు కొద్దీ మెలకువ వచ్చేసేది. తొడలు బస్కీలు అడిగేవి, భుజాలు కర్ర అడిగేవి. వాటికి ఇవ్వడానికి మంచం తప్ప ఏమీ లేదు. పొద్దు ఎక్కేసరికి ఒళ్లంతా కందిరీగల తుట్టెలా ఉండేది. అచ్చియ్యమ్మ ఉప్పూ నూనే లేని జావ తెస్తే, "ఇది జావా, కుడితా?" అని గిన్నె గోడకేసి కొట్టాడు. తలుపు చప్పుడైతే, "మెల్లగా వెయ్యలేవా?" అని అరిచాడు. ఆవిడ మెల్లగా వేస్తే, "దొంగలా తిరుగుతావేం?" అని అరిచాడు.

అచ్చియ్యమ్మ జావ మంచానికి బారెడు దూరంలో పెట్టి, గోడ చాటుకి పోవడం నేర్చుకుంది. గాజులు మోగకుండా మోచేతుల దాకా ఎగదోసుకుంది.

ఒకరోజు పోలినాయుడు కావాలనే అన్నాడు, "నేల ముట్టని పోలినాయుడు మంచం పట్టాడే" అని. ఆవిడ మూతి తిప్పుతుందేమోనని చూశాడు. ఆవిడ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

ఆ పూటే అతను తనకి కర్రసాము నేర్పిన గురువు దగ్గరికి బయల్దేరాడు. కిందటేడాది ఒక్క పరుగులో పోయిన దారే. ఇప్పుడు దారిలో ఉన్న ప్రతి అరుగూ ఎక్కి కూర్చుంటూ వెళ్లాడు.

గురువు పేరు బైరాగి. ఎంత ముసలివాడంటే, తన వయసు చెప్పడానికి సాక్షులు ఒక్కరూ మిగల్లేదు. మనిషి వెదురుబద్దలా ఉంటాడు. పాక ముందు కూర్చుని కర్రలకి ఆముదం రాస్తున్నాడు.

"గురువా, నా కోపమంతా చెమటలో పోయేదనుకుంటాను. ఇప్పుడు చెమట లేదు. కోపం లోపలే ఉండిపోతంది. ఏటి చెయ్యాల?"

"లోపలే ఉంటందా?"

పోలినాయుడు తల దించుకున్నాడు. "బయటికీ వస్తంది."

"ఎవరి మీదికి?"

"ఇంకెవరున్నారు ఇంట్లో? అచ్చియ్యమ్మ మీదికే. మాటలే గురువా. చెయ్యి ఎన్నడూ ఎత్తలేదు, నీమీదొట్టు. కట్టుబాటు నాకు తెలీదా? కర్ర లేనివాళ్ల మీదికి కర్ర ఎత్తకూడదు."

"తెలుసన్నమాట."

"నాలుగు బస్కీలకి సెలవియ్యి. అన్నీ సర్దుకుంటాయి."

"వద్దు."

"రెండు."

"ఊహూఁ."

"ఒక్కటి. దిగుతాను, లేవను."

బైరాగి గురువు నవ్వి, ఆముదం గుడ్డ పక్కన పెట్టాడు. "రేపు మీ ఇంటికొస్తాను. అచ్చియ్యమ్మతో నాక్కూడా జావ కాయమని చెప్పు."

మర్నాడు గురువు చంకలో రెండు కర్రలు పెట్టుకుని వచ్చాడు. ఆ కర్రలు చూడగానే పోలినాయుడికి సగం జబ్బు దిగిపోయింది. ఇంకేముంది, గురువు వైద్యుణ్ణి తోసిపుచ్చి తన చేత కర్ర పట్టిస్తాడు! మంచం మీద నిటారుగా కూర్చున్నాడు.

అచ్చియ్యమ్మ రెండు గిన్నెలు తెచ్చింది. ఒకటి గురువు చేతికిచ్చింది. రెండోది మంచానికి బారెడు దూరంలో పెట్టింది.

గురువు ఒక గుక్క తాగాడు. "బాగుందమ్మా."

పోలినాయుడూ ఒక గుక్క తాగాడు. గురువు ఎదురుగా ఉన్నాడన్న సంగతి ఆ గుక్కలోనే మరిచిపోయాడు.

"చల్లారిపోయింది! ఎన్నిసార్లు చెప్పాల నీకు? చెవులా, చేటలా అవి?"

అచ్చియ్యమ్మ నేల చూస్తూ నిలబడింది. గురువు గిన్నె కింద పెట్టాడు. లేచి, రెండు కర్రల్లో ఒకటి తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"నాకెందుకు తాతా?"

"పట్టుకో అమ్మా. కట్టుబాటు అది."

ఆవిడకి అర్థం కాలేదు. పోలినాయుడికీ కాలేదు. తనకోసం వచ్చిందనుకున్న కర్ర ఆవిడ చేతిలో చూసేసరికి ఒళ్లు మండింది.

"ఏటి గురువా ఈ ఎకసెక్కం? ఇలా తే." మంచం దిగి, కర్ర అందుకుందామని చెయ్యి చాపాడు.

అంతే. చెయ్యి చాపాడు.

అచ్చియ్యమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. రెండు చేతులూ పైకి లేచాయి. కర్ర నెత్తికి జానెడు పైన అడ్డంగా నిలిచింది. మెడ భుజాల్లోకి పోయింది. కుడికాలు ఒక అడుగు వెనక్కి పడింది.

దాన్ని తల అడ్డు అంటారు. నెత్తిన పడే దెబ్బని కాచుకునే పట్టు. గరిడీలో మొదటి పాఠం. మోచేతులు వణక్కుండా అది కుదరడానికి గట్టి కుర్రాడికైనా ఆర్నెల్లు పడుతుంది. పోలినాయుడికీ పట్టింది. అచ్చియ్యమ్మ గరిడీ గడప ఎన్నడూ తొక్కలేదు.

మోచేతులకి బిగిసిన గాజులు పోలినాయుడు అప్పుడు చూశాడు. ఒక్కటీ చప్పుడు కాలేదు.

బైరాగి గురువు ఆ పట్టుని, ఆ మోచేతుల్ని, ఆ పాదాన్ని, మంచి శిష్యుణ్ణి చూసినట్టే నిదానంగా చూశాడు.

"బాగా కుదిరింది. నేను నేర్పలేదు," అన్నాడు. "ఎవరు నేర్పారురా?"

 పోలినాయుడు చెయ్యి ఎన్నడూ ఎత్తలేదు, ఆవిడకి తగిలినవన్నీ మాటలే.  చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

చివరికి మోకాళ్లు వంచాడు. అరచెయ్యి నేలకి ఆనించాడు. పొద్దున అచ్చియ్యమ్మ అలికిన నేల అది. ఇంకా చల్లగా ఉంది.

గరిడీలో అయితే ఆ క్షణంలోనే కర్ర దిగాలి.

అచ్చియ్యమ్మ కళ్లు తెరిచింది. కింద వంగిన మొగుణ్ణి చూసింది. కర్ర నెత్తి మీదే ఉంది.

గురువు తన గిన్నె తీసుకుని మిగిలిన జావ తాగుతూ కూర్చున్నాడు.

పోలినాయుడు చెయ్యి నేలమీదనుంచి తియ్యలేదు. కర్ర దిగడానికి చాలాసేపు పట్టింది.