నూకరత్నం చీర ఏ రంగు?

అనగనగా ఒక ఊళ్ళో ఒక దండెం ఉండేది. ఆ దండెం మీద ఒకే ఒక్క తెల్ల నూలుచీర ఆరుతుండేది. ఆ చీర నూకరత్నానిది.

ఒకే చీర అన్నానని నిజంగా అదొక్కటే అనుకోకు బుజ్జులూ. ఇంట్లో కట్టుకోవడానికి అతుకుల చీర ఇంకోటి ఉంది. అది ఎప్పుడూ గడప దాటేది కాదు. అందుకని దాన్ని లెక్కలో వెయ్యలేదు. ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే తర్వాత నువ్వు నన్ను పట్టుకుంటావు.

ఆ ఇంట్లో నూకరత్నం, వాళ్ళమ్మ, ఇద్దరే. అమ్మకి చూపు సరిగా ఆనదు. ఇంట్లో ఒక పూట ఉంటే ఒక పూట లేదు. అయినా నూకరత్నం వీధిలోకి వచ్చిందంటే ఎంత ముచ్చటగా ఉండేదో! చీరకి గంజి పెట్టేది. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, ఆ చెంబుతో చీర ముడతలు పోయేలా రుద్దేది. చీరకి ఒకచోట జానెడు చిరుగు ఉంది. అది సరిగ్గా కుచ్చిళ్ళ లోపలికి వెళ్ళిపోయేలా కట్టేది. చూసినవాళ్ళు, "ఈ పిల్ల ఏం కట్టినా అమరుతుందే!" అనేవాళ్ళు.

నిప్పుల చెంబు నువ్వు ముట్టుకోకూడదు సుమా. పెద్దయ్యాక కూడా చూసుకునే ముట్టుకోవాలి.

అప్పుడు ఆ ఊరి మేడ ఇంట్లో పెళ్ళి వచ్చింది. మూడు రోజుల పెళ్ళి. గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లడానికి ఒక మనిషి కావాలి. పెత్తనమంతా పెళ్ళికూతురి మేనత్త జగదాంబ గారిది. ఆవిడ నూకరత్నాన్ని పిలిపించి, ఎగాదిగా చూసింది.

"గుమ్మంలో నిలబడే మనిషి అంటే ఇంటికి మొహం లాంటిదే పిల్లా. నేను చూసిన చీర మళ్ళీ చూడకూడదు. రోజుకొకటి కట్టాలి. కట్టగలిగావా, ఏడాది పొడుగునా మా ఇంటి పేరంటాలకి పిలుపులు నువ్వే పిలుద్దువుగాని. నీకూ మీ అమ్మకీ రెండు పూటలా భోజనం ఇక్కడే. కట్టలేకపోయావా, గుమ్మంలో ఇంకొకతె నిలబడుతుంది."

రెండు పూటలా భోజనం! నూకరత్నం "అలాగే అమ్మగారూ" అనేసింది. ఇంటికి వచ్చాక గాని గుర్తు రాలేదు. మూడు రోజులు. ఒక చీర.

ఆ తర్వాత ఏం చేసిందంటే, పసుపు కొమ్ములు దంచి, నీళ్ళలో మరిగించి, తెల్లచీరని అందులో ముంచింది. చీర చేమంతి పువ్వులా అయింది. మొదటి రోజు అది కట్టుకుని పన్నీరు చల్లింది. జగదాంబ గారు చూసి, "ఫరవాలేదు" అంది. ఆవిడ ఫరవాలేదు అంటే చాలా బాగుందని.

సాయంత్రం ఇంటికి వచ్చి చీర ఉతికింది. రేపటి సంగతి ఏమీ తోచలేదు. గంజి అయినా గట్టిగా పెడదాం అనుకుంది. పెరట్లో రెండు కుండలున్నాయి. ఒకదాంట్లో గంజి. రెండోదాంట్లో గోడకి వెల్ల వెయ్యడానికి అమ్మ నానబెట్టిన సున్నం. రెండూ తెల్లగానే ఉన్నాయి. నూకరత్నం పరధ్యానంలో చీర తీసుకెళ్ళి సున్నం కుండలో ముంచింది!

సున్నం కూడా ముట్టుకోకూడదు. కళ్ళలో పడితే ఇంకేమైనా ఉందా?

సరే, చెప్పు చూద్దాం. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? నీ పుట్టినరోజుకి నీ కాళ్ళకి పెట్టలేదూ?

"పారాణి! ఎర్రగా అవుతుంది!"

అదీ. చీరంతా ఎర్రబడిపోయింది. నూకరత్నం లబోదిబోమంది. వాళ్ళమ్మ వచ్చి, చీరని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవరి చీరే ఇది? రేవులో ఎవరిదో మార్చి తెచ్చావా ఏం? పో, ఇచ్చేసి రా."

"మనదేనే అమ్మా."

"మనది పసుపు కదే?"

"అదే ఇది."

"అసలు మనది తెలుపు కదే?"

"అదీ ఇదే."

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. "నాకు చూపు పోయిందనుకున్నాను గాని, మతి కూడా పోయిందన్నమాట" అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నూకరత్నానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. శుభ్రంగా రెండు నీళ్ళు జాడించి, ఈసారి కుండ వాసన చూసి మరీ గంజి పెట్టింది.

రెండో రోజు ఎర్రచీర. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. జగదాంబ గారు దగ్గరకి వచ్చి, "ఎన్ని చీరలున్నాయే నీకు?" అంది. నూకరత్నం నవ్వి ఊరుకుంది.

"నవ్వితే అబద్ధం చెప్పినట్టేనా అమ్మమ్మా?"

ఏమో తల్లీ. నాకూ తెలియదు. నూకరత్నానికీ తెలియలేదు. అందుకే ఆ రోజు విస్తరి ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. అన్నంలో చారు అలా కలుపుతూనే కూర్చుంది. కలుపుతుంటే ఒక చుక్క చిట్లి పైట మీద పడింది. పడ్డచోట ఎర్రచీర మీద పసుపు చుక్క తేలింది. రుద్దింది. పోలేదు.

పక్క విస్తరి ముందున్నావిడ వంగి చూసింది. "ఏ ఊరి నేత అమ్మాయ్? చుక్కల చీరా?"

"ఒక్క చుక్కేనండీ."

"ఒంటిచుక్క చీరా! కొత్తగా వచ్చినట్టుంది" అని ఆవిడ ఇటు పక్కావిడకి చెప్పింది. ఆవిడ అటు పక్కావిడకి చెప్పింది. భోజనాల బంతి లేచేసరికి ఒంటిచుక్క చీర ఎక్కడ దొరుకుతుందని అందరికీ ఆరాటం.

అప్పుడు నూకరత్నానికి తట్టింది. చారులో ఏముంది? చింతపండు ఉంది. ఇంటికి వెళ్ళి, చింతపండు పులుసు పిసికి, వేలితో అద్దుతూ చీర నిండా చుక్కలు పెట్టింది. మూడో రోజుకి ఎర్రటి చీర మీద పసుపు చుక్కలు. చుక్కలన్నీ ఒకేలా లేవనుకో. కొన్ని లావు, కొన్ని సన్నం. పెళ్ళికి వచ్చిన పిల్లలు మాత్రం, "పన్నీరు అక్కా, నువ్వు చారు వాసన వస్తున్నావు" అన్నారు. పెద్దవాళ్ళెవరూ ఆ మాట పట్టించుకోలేదు.

ఇంకొక్క సాయంత్రం గడిస్తే చాలు. పిలుపుల పని వచ్చేస్తుంది. అప్పుడేమైందంటే, మధ్యాహ్నం భోజనాల్లో జగదాంబ గారి పట్టుచీర మీద గిన్నెడు పప్పుచారు ఒలికిపోయింది. ఆవిడ పెట్టె చూస్తే, సారె సామానుతో కలిసి పొద్దున్నే బండెక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం అప్పగింతలు. కట్టుకోవడానికి ఇంకో చీర లేదు.

"ఒసే రత్నం! మొదటి రోజు కట్టావే, పసుపు చీర. ఇంటికి పరిగెత్తి అది పట్రా. నేను కట్టుకుంటాను."

నూకరత్నం పన్నీరు బుడ్డి కింద పెట్టింది. లేదంటే, ఇవ్వడానికి మనసు రాలేదంటారు. ఉందంటే, ఎక్కణ్ణించి తేవడం? నిజం చెబితే అమ్మకి రెండు పూటలా భోజనం పోతుంది. ఎటూ పాలుపోలేదు. ఎటూ పాలుపోనప్పుడు నిజమే నోటికొస్తుంది కాబోలు.

"అమ్మగారూ, ఆ చీర ఇదేనండీ."

"ఇది చుక్కలది కదే!"

"మొన్నటి పసుపుదీ, నిన్నటి ఎర్రదీ, ఇదీ అన్నీ ఒకటేనండీ. నాకున్నదే ఒక చీర."

"ఒకటైతే నేను మూడు చూశానా? నాకేం పిచ్చా? ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పరాదూ, ఈ పొడుపుకథలెందుకు?"

నూకరత్నం గబగబా వంటల దగ్గరకి వెళ్ళింది. వంటవాళ్ళ దగ్గర చింతపండు నానిన గిన్నె తెచ్చి, అందరి ముందూ పైటకొంగు అందులో ముంచింది. ఎరుపు పోయింది. చుక్కలు పోయాయి. చేమంతి పువ్వులా పసుపు వచ్చింది.

అందరూ ఆ కొంగు చూశారు. ఆ తర్వాత జగదాంబ గారి మొహం చూశారు. ఆవిడ పీట లాక్కుని కూర్చుంది.

"మరి ఇది నాకిస్తే నువ్వేం కట్టుకుంటావే?"

"ఇంట్లో అతుకుల చీర ఉందండీ. దాంతో గుమ్మంలో నిలబడలేను కదా. ఇది ఇచ్చేసి పెరటి దారిన వెళ్ళిపోతానండీ."

అలాగే ఇంటికి వెళ్ళి అతుకుల చీర కట్టుకుంది. చుక్కల చీర మొత్తం పులుసులో ముంచి, పసుపు చేసి, మంచినీళ్ళలో జాడించి, ఎండలో ఆరేసి, తెచ్చి ఇచ్చింది. ఇచ్చి పెరట్లోకి నడిచింది. పెరటి తలుపు గడియ మీద చెయ్యి వేసిందో లేదో, లోపల్నించి కేక.

"ఒసే రత్నం! ఎక్కడ చచ్చావే? ఇటు తిప్పి కట్టినా చిరుగే, అటు తిప్పి కట్టినా చిరుగే! మూడు రోజులూ ఇది నాకు కనబడలేదేం? ఎక్కడ దాచావే?"

నూకరత్నం పరిగెత్తుకుంటూ వెళ్ళి, జగదాంబ గారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు పెట్టింది. చిరుగు ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఆవిడ అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. "ఫరవాలేదు" అంది.

ఆ తర్వాత పన్నీరు బుడ్డి తీసి నూకరత్నం చేతిలో పెట్టింది. "పద, గుమ్మంలోకి."

"ఈ చీరతోనా అమ్మగారూ? రోజుకొకటి అన్నారు కదా..."

"ఇదివరకు చూసిన చీర మళ్ళీ చూడకూడదన్నాను. ఈ అతుకుల చీర నేనెప్పుడు చూశాను గనక? నాకిది కొత్తదే. నడు!"

చూశావా, లెక్కలో వెయ్యని చీరే చివరికి లెక్కలోకి వచ్చింది. ఏడాది పొడుగునా పిలుపులు నూకరత్నమే పిలిచింది. వాళ్ళమ్మ రెండు పూటలా భోజనం చేసింది. పసుపు చీర గంజి పెట్టి మరీ తిరిగొచ్చింది. కానీ ఊళ్ళో ఆడవాళ్ళంతా పసుపూ సున్నం చింతపండూ పట్టారు. ఏ దండెం మీద చీర ఎవరిదో, నిన్నటిదో, ఇవాళ్టిదో తెలియక ఊరంతా ఒకటే తికమక.

"అమ్మమ్మా, ఇంతకీ నూకరత్నం చీర ఏ రంగు?"

తెలుపే కదమ్మా. కాదు, పసుపు... ఉండు, చివరికి పసుపే కదూ ఉంది? ఏమోనమ్మా, నువ్వు కళ్ళు మూసుకుని చూడు. నీకు ఏ రంగు కనిపిస్తే అదే.

కథేమో కంచికి, గంజేమో చీరకి,
కునుకేమో కంటికి, మనమేమో ఇంటికి.